మా స్టూడెంట్ వాళ్లమ్మ చేపల గంప "ఎంట్రప్రెన్యూర్‌షిప్" కాదా? క్లాసులో తప్పు చెప్పానేమో

సీతమ్మధార_లెక్చరర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

విశాఖలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్లుగా ఎకనామిక్స్ చెప్తున్నాను. మైక్రో ఎకనామిక్స్ నాకు కొట్టినపిండి. ఈ సెమిస్టర్‌లో కామర్స్ మేడమ్ ప్రసూతి సెలవు మీద వెళ్లారు. దాంతో ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపరు కూడా నా నెత్తిన పడింది. "రెండూ ఇంచుమించు ఒకటే కదా మేడమ్, మీరే చూసుకోండి" అన్నారు పైవాళ్లు. ఒకటి కాదని రెండో వారానికే తెలిసొచ్చింది.

బీబీఏ, బీఏ కలిపి 58 మంది. సిలబస్‌లో ఉన్నట్టే బిజినెస్ ప్లాన్ రాసుకు రమ్మన్నాను. 14 టీములు వచ్చాయి. అందులో తొమ్మిది యాప్‌లు. ఒక టీము మొదటి ఏడాది టర్నోవర్ 2 కోట్లు అని వేసింది. ఎలా వచ్చిందమ్మా అంటే "ఎక్సెల్‌లో కిందికి లాగితే వచ్చేసింది మేడమ్" అన్నారు. ఇంకో టీము ఎక్కడి నుంచి దించుకొచ్చారో గానీ, మొదటి పేజీలో విశాఖపట్నం అని మార్చి, మూడో పేజీలో బెంగళూరు కోరమంగళని అలాగే వదిలేశారు. వీటన్నిటికీ మార్కులు వేశాను. వేయక ఏం చేస్తాను, ఫార్మాట్ అంతా కరెక్టుగానే ఉంది మరి.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం వేరే విషయం. వెనక బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు. పెద్దగా మాట్లాడడు. వాళ్లది జాలారిపేట. వాళ్లమ్మ తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, ఎంవీపీ కాలనీ వీధుల్లో తిరిగి అమ్ముతుంది. టీములు చేస్తున్నప్పుడు లేచి, "మేడమ్, మా ఇంట్లో ఆల్రెడీ ఒక బిజినెస్ ఉంది, దాని మీద రాయొచ్చా?" అన్నాడు. నేను నోట్సులో ఉన్నది అప్పజెప్పేశాను. అది స్వయం ఉపాధి నాన్నా, ఎంట్రప్రెన్యూర్‌షిప్ అంటే ఏదో ఒక కొత్తదనం ఉండాలి అని. "సరే మేడమ్" అని కూర్చున్నాడు. తరవాత వెళ్లి లాండ్రీ యాప్ టీములో చేరిపోయాడు. ఆ "సరే మేడమ్" చెవిలోంచి పోవట్లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్నగారికి కురుపాం మార్కెట్ దగ్గర బట్టల కొట్టు ఉండేది. 2003లో మూసేశారు. ఆ తరవాత ఇంట్లో ఎవరైనా వ్యాపారం మాట ఎత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. కొట్టు బాగా నడిచే రోజుల్లో కూడా నాన్న నన్ను గల్లాపెట్టె దగ్గరికి రానిచ్చేవారు కాదు, వెళ్లి చదువుకో అనేవారు. నేను లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ రాసి ఈ ఉద్యోగంలో పడింది నెల జీతం కోసం, ఆ భయంతోనే. ఒక్క రోజు కూడా సరుకు కొని అమ్మనిదాన్ని పిల్లలకి వ్యాపారం గురించి చెప్తున్నాను.

ఇంకా తొమ్మిది వారాలుంది. చివర్లో టీములు తమ ప్లాన్లని స్టేజీ మీద వినిపించే "పిచ్ డే" పెట్టాలట. ముఖ్య అతిథి, ఫ్లెక్సీ, మంచం అంత అట్ట చెక్కు, అన్నీ ఖాయమైపోయాయి. ఆ అబ్బాయికి నేను చెప్పింది తప్పేనా? ఈ రెండు పేపర్లనీ కలిపి, నాలాంటిది నిజాయితీగా చెప్పే దారి ఏదైనా ఉందా?


మద్దిలపాలెం_మాస్టారు

అమ్మా, తప్పే చెప్పావు. కంగారు పడకు, నేను కూడా కామర్స్ చెప్పిన 34 ఏళ్లలో సగం కాలం అదే తప్పు చెప్పాను.

ఎంట్రప్రెన్యూర్ అనే మాటని ఆర్థికశాస్త్రంలోకి తెచ్చినవాడు రిచర్డ్ కాంటిలాన్. ఐర్లండ్‌లో పుట్టి పారిస్‌లో బ్యాంకు వ్యాపారం చేసినాయన. ఆయన చనిపోయాక 1755లో ఆయన రాత అచ్చయింది. అందులో ఆయన లెక్క చాలా మామూలుగా ఉంటుంది: తెలిసిన ధరకి కొని, ఎంతకి పోతుందో తెలియని ధరకి అమ్మేవాడు ఎంట్రప్రెన్యూర్. అంతే. ఆ జాబితాలో రైతులు, కొట్టువాళ్లు, నీళ్లు మోసి అమ్మేవాళ్లు ఉన్నారు. చివరికి బిచ్చగాళ్లనీ దొంగలనీ కూడా చేర్చాడు, వాళ్ల రాబడికి కూడా గ్యారంటీ లేదు కదా అని. ఇప్పుడు ఆ తల్లిని చూడు. హార్బర్‌లో వేలంపాటలో పాడిన ధర ఆమెకి తెలుసు. ఎంవీపీలో పదిన్నరకి ఎంత పలుకుతుందో దేవుడికే తెలియాలి. కాంటిలాన్ చెప్పిన మనిషి అచ్చం ఆమే. లాండ్రీ యాప్ టీము కాదు, వాళ్లు ఇంతవరకు ఏమీ కొననే లేదు.

నువ్వు క్లాసులో చెప్పింది ఆర్థికవేత్త షుంపీటర్ మాట, 1911 నాటిది. కొత్త సరుకు, కొత్త పద్ధతి, కొత్త మార్కెట్, కొత్త ముడిసరుకు, కొత్త సంస్థ అని ఐదు చెప్పాడాయన. గొప్ప మాటే, కాదనను. కానీ అదొక్కటే కాదు. ఫ్రాంక్ నైట్ 1921లో ఇంకోటి చెప్పాడు. లెక్కగట్టగలిగిన రిస్కుకి ఇన్సూరెన్స్ ఉంటుంది, లెక్కకి అందని అనిశ్చితిని మోసినందుకు వచ్చేదే లాభం అన్నాడు. 1973లో కిర్జ్‌నర్ వచ్చి, పక్కవాడికి కనపడని ధర తేడాని కనిపెట్టే చురుకే అసలు విషయం అన్నాడు. ఏ వీధిలో ఆదివారం చేపల పులుసు పెడతారో, ఎవరింట్లో కార్తీకమాసం నిష్ఠగా పాటిస్తారో ఆ తల్లికి కంఠస్థం అయి ఉంటుంది. మన నోట్సు తయారుచేసిన మహానుభావుడు నలుగురిలో ఒకరిని మాత్రం దించి మిగతా ముగ్గురిని వదిలేశాడు.

ఇంకో మాట. నీ మైక్రో సిలబస్‌లో కూడా దోషం ఉంది. ఇంటర్‌లో మనమే పిల్లల చేత భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన అని వల్లె వేయిస్తాం. భాటకం, వేతనం, వడ్డీ, లాభం అని ప్రతిఫలాలు కూడా చెప్పిస్తాం. డిగ్రీకొచ్చి సంపూర్ణ పోటీ మొదలెట్టగానే అందరికీ అన్నీ తెలుసు, దీర్ఘకాలంలో అసాధారణ లాభం సున్నా అంటాం. ఇక ఆ నాలుగో కారకానికి పనేముంది? రాముడు అడవికి కాదు, పుస్తకంలోంచే వెళ్లిపోయాడు. సిద్ధాంతంలోని సంస్థలో వ్యాపారి కనపడడంలేదని ఆర్థికవేత్త బామోల్ 1968లోనే మొత్తుకున్నాడు. కాబట్టి రెండు పేపర్లూ కలిసే చోటు అదే, నీ మైక్రోలో ఖాళీగా ఉన్న ఆ కుర్చీ.

మన పక్కనే జరిగిన కథ ఒకటి చెప్పి ఆపేస్తాను. 1964లో హార్వర్డ్ సైకాలజిస్టు మెక్‌క్లెలాండ్ తన శిక్షణకి ఎక్కడివాళ్లని ఎంచుకున్నాడో తెలుసా? కాకినాడ వ్యాపారులని. హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి వాళ్లని రప్పించి, సాధించాలనే తపన నేర్పితే వస్తుందా అని చూశారు. ప్రపంచమంతా ఎంట్రప్రెన్యూర్‌షిప్ క్లాసుల్లో కాకినాడ ప్రయోగం అని చెప్పుకుంటారు, మన పిల్లలకి మాత్రం మనం చెప్పం. ఆయనదే ఒక ఆట ఉంది. నేలలో కర్ర పాతి, ఎంత దూరం నుంచి రింగు వేస్తావో నీ ఇష్టం అంటారు. కొందరు కర్ర పక్కనే నిలబడతారు. కొందరు గొప్ప కోసం మరీ దూరం పోతారు. సాధించాలనే తపన ఎక్కువున్నవాళ్లు కష్టమే గానీ కుదురుతుంది అనిపించే మధ్య దూరంలో నిలబడతారని ఆయన గమనించాడు. జాతరలో సబ్బుల మీద రింగులు వేసే ఆట లాంటిదే. క్లాసులో ఆడించు. పది పేజీల ప్లాను రాయించినదానికంటే ఎక్కువ మాట్లాడతారు పిల్లలు.


హార్బర్_ఐస్

మేడమ్, నాది హార్బర్ దగ్గర ఐస్, ప్యాకింగ్ వ్యాపారం. ఎంబీఏ రెండో ఏడాదిలో మానేశాను, అదో పెద్ద కథ.

నన్ను మూడు కాలేజీలు గెస్ట్ లెక్చర్‌కి పిలిచాయి. మూడు చోట్లా శాలువా, మెమెంటో, "మీ సక్సెస్ స్టోరీ చెప్పండి సార్". 2016 నవంబర్ 8న నోట్లు రద్దయ్యాక పాట పాడటానికి కొనేవాడి చేతిలో చెల్లే నోటు లేక, ఐస్ కరిగి నీళ్లయిపోతుంటే నేనేం చేశానో ఒక్కడూ అడగలేదు. నేను నేర్చుకున్నదంతా అక్కడే ఉంది. ఫోటో దిగి పంపించేశారు.

మాస్టారు చెప్పిన నైట్ గారి మాట నాకు తెలియదు గానీ, 2023 నవంబర్‌లో హార్బర్‌లో రాత్రికి రాత్రి పదుల బోట్లు తగలబడిపోయిన సంగతి వైజాగ్ పిల్లలందరికీ గుర్తుంది. ఆ రాత్రి వీడియో ఒకటి చూపించి, ఇందులో ఇన్సూరెన్స్‌కి దొరికేది ఏది, దొరకనిది ఏది అని అడగండి. బోటుకి ప్రీమియం కట్టొచ్చు. బోటు లేని నెలల్లో కొనుగోలుదారు ఇంకొకరి దగ్గరికి వెళ్లి అక్కడే స్థిరపడిపోతే దానికి ఎవడు పాలసీ ఇస్తాడు?

ఇంకోటి, మీ డిమాండ్ సప్లయ్ పాఠానికి మా దగ్గర ఏటా ఒక లాబొరేటరీ తెరుస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని. మరబోట్లన్నీ జెట్టీలకి కట్టేస్తారు. సప్లయ్ రేఖ ఎడమ పక్కకి జరుగుతుంది అని బోర్డు మీద గీస్తారు కదా, దాని తారీఖు మాకు ముందే తెలుసు. వంజరం ఎంత పెరుగుతుంది, గోదావరి జిల్లాల చెరువుల నుంచి వచ్చే శీలావతి, బొచ్చె ఎంత పెరుగుతాయి, చికెన్ కదులుతుందా, ఎండుచేపలు ఎవరు ముందే కొని దాచుకుంటారు, ఇవన్నీ ఏప్రిల్ మొదటివారంలో పిల్లల చేత అంచనా రాయించి కవర్లో పెట్టి అంటించేయండి. తరవాత వాళ్లనే ధరలు కనుక్కుని రమ్మనండి. ముందే తారీఖు తెలిసిన సప్లయ్ దెబ్బకి ధర ఎప్పుడు కదులుతుంది, 15న కదులుతుందా, అంతకు ముందేనా? నాకు సమాధానం తెలుసు, చెప్పను.

ఒక్క కండిషన్. తీసుకొస్తే తెల్లారి ఐదింటికి తీసుకురండి. తొమ్మిదింటికి వచ్చి హార్బర్ చూశాం అంటే అది పిక్నిక్.


హైదరాబాద్_నుంచి_సీనియర్

మాస్టారి రింగుల ఆట బాగుంది. స్టాన్‌ఫర్డ్‌లో టీనా సీలిగ్ చేయించిన ఐదు డాలర్ల ఆట కూడా చాలా చోట్ల వాడతారు. ఒక్కో టీముకి కవర్లో 5 డాలర్లు, సంపాదించడానికి రెండు గంటలు, సోమవారం క్లాసులో మూడు నిమిషాలు చెప్పుకోవాలి. అందరికంటే ఎక్కువ, 650 డాలర్లు తెచ్చిన టీము ఆ ఐదు డాలర్లని ముట్టుకోనే లేదు. తమ మూడు నిమిషాలని, ఆ పిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకోవాలనుకున్న ఒక కంపెనీకి అమ్మేసింది.

మా కాలేజీలో ఇదే 500 రూపాయలతో పెట్టారు. మా టీము ఫస్ట్ వచ్చింది. ఎలాగంటారా, బీచ్‌లో మజ్జిగ అమ్మాం, మా మావయ్య వచ్చి ఒక గ్లాసు తాగి 3,000 ఇచ్చాడు. సెకండ్ వచ్చిన టీముకి పెద్దనాన్న ఇచ్చాడు. అందుకని మేడమ్, మన దగ్గర ఈ ఆట పెడితే మొదటి రూలు చుట్టాలకి అమ్మకూడదు అని.


గాజువాక_బ్రాంచ్

నమస్తే మేడమ్. నేను బ్యాంకులో పని చేస్తున్నాను. మా అమ్మ పదహారేళ్లు బజ్జీల బండి నడిపింది. అందుకని రెండు మాటలు, అందులో ఒకటి మీకు అంతగా నచ్చకపోవచ్చు.

మొదటిది లెక్క. నేను కూడా బీఏ ఎకనామిక్సే చదివాను. వడ్డీ రేటు సిద్ధాంతాలు మూడు రాసి ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నాను. ఆ మూడేళ్లూ సాయంత్రం ఆరింటికి మా బండి దగ్గరికి డైలీ ఫైనాన్స్ అబ్బాయి వచ్చి 100 రూపాయలు పట్టుకెళ్లి కార్డు మీద టిక్కు పెట్టేవాడు. చేతికిచ్చేది 9,000, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. అమ్మ "పదివేలకి వెయ్యే కదా వడ్డీ" అనేది. నేను కూడా అదే అనుకున్నాను. బ్యాంకు ట్రైనింగ్‌లో కూర్చున్నప్పుడు గానీ బుర్రకి తట్టలేదు. 9,000 మొత్తం మన దగ్గర 100 రోజులు ఉండదు కదా, మొదటి రోజు నుంచే కరుగుతూ వస్తుంది. సగటున మన చేతిలో ఉండేది సుమారు సగమే. సరిగ్గా లెక్కేస్తే నూటికి నెలకి ఆరు రూపాయల పైన వడ్డీ, ఏడాదికి దగ్గరదగ్గర 78 శాతం. మీ క్లాసులో ఈ ఒక్క లెక్క చేయించండి. ఎంతమంది ఇళ్లల్లో ఆ కార్డు ఉందో చేతులు ఎత్తించకండి, ఊరికే లెక్క చేయించండి చాలు.

దాని పక్కనే వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన స్వనిధి రుణం పెట్టండి. మొదటి విడతగా 10,000 ఇచ్చేవారు, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ. అది ఉండి కూడా డైలీ ఫైనాన్స్ ఎందుకు బతికే ఉంది అని అడగండి. ఆ అబ్బాయి కాగితం అడగడు, రోజూ బండి దగ్గరికే వస్తాడు, అమ్మకి జ్వరం వచ్చిన రోజు రేపిద్దువులే అంటాడు. బ్యాంకులో కూర్చున్నదాన్ని నేనే చెప్తున్నాను, మేమలా అనలేం.

రెండోది. దయచేసి ఆ అబ్బాయిని స్టేజీ ఎక్కించకండి. మాస్టారు కాంటిలాన్ పేరు చెప్పగానే ఇక్కడ అందరికీ వాళ్లమ్మ మీద ప్రేమ పొంగిపోతోంది. నేను డిగ్రీ చదివేటప్పుడు మా సార్ ఒకసారి "ఈ అమ్మాయి వాళ్లమ్మ నిజమైన ఎంట్రప్రెన్యూర్" అని క్లాసులో చప్పట్లు కొట్టించారు. ఆయన మంచి మనసుతోనే చేశారు. ఆ ఏడాదంతా నన్ను బజ్జీ అన్నారు. ముందు ఆ అబ్బాయిని విడిగా అడగండి, వద్దంటే వదిలేయండి. ఇంకా, బండి నడిపే తల్లులు ఆ పని ఇష్టపడి చేస్తున్నారని అనుకోకండి. మా అమ్మ పదహారేళ్లూ మొక్కుకున్నది నాకు బ్యాంకు ఉద్యోగం రావాలనే.


సీతమ్మధార_లెక్చరర్ (ప్రశ్న అడిగినవారు, నాలుగు వారాల తరవాత)

జవాబివ్వడం ఆలస్యమైంది, క్షమించాలి. చాలా జరిగాయి.

క్లాసులో చెప్పిన తప్పు క్లాసులోనే దిద్దుకోవాలి అనిపించింది. ఎవరి పేరూ ఎత్తలేదు. "పోయిన నెల మీకు నేను ఒకే నిర్వచనం చెప్పాను, దానికి ముందున్నది, తరవాత వచ్చినవి వదిలేశాను" అని కాంటిలాన్ మాటని తెలుగులో బోర్డు మీద రాశాను. తెలిసిన ధరకి కొని, తెలియని ధరకి అమ్మడం. బీబీఏ పిల్లలు ఇంగ్లీషులో చెప్పండి మేడమ్, ఎగ్జామ్‌లో అలాగే రాయాలి అన్నారు. (వందేళ్ల కిందటే కట్టమంచి రామలింగారెడ్డి గారు తెలుగులో అర్థశాస్త్రం మీద పుస్తకం రాశారు. ఆయనే 1926లో మొదలైన మన ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్. ఇప్పుడు నేను ఒక్క వాక్యం తెలుగులో రాస్తే ఎగ్జామ్‌కి పనికొస్తుందా అని అడుగుతున్నారు. సరే, అది వేరే గొడవ.) ఆ అబ్బాయి తల ఎత్తలేదు. రాసుకున్నాడు మాత్రం.

మైక్రోలో మార్కెట్ ఆట పెట్టాను. ఎడ్వర్డ్ చాంబర్లిన్ హార్వర్డ్ క్లాసులో పిల్లల చేత కొనిపించి అమ్మించి, ధరలు సిద్ధాంతం చెప్పినట్టు రాలేదని 1948లో రాశాడు. ఆ క్లాసులో విద్యార్థిగా కూర్చున్న వెర్నన్ స్మిత్ తరవాత తనే ఆ ఆటని మార్చి, బేరాలు అందరికీ వినపడేలా పెట్టి, రౌండ్లు మళ్లీ మళ్లీ ఆడించి చూస్తే ధర సమతౌల్యానికి, అంటే డిమాండ్ సప్లయ్ సరిపోయే చోటికి, వచ్చేస్తోందని 1962లో చూపించాడు. 2002లో నోబెల్ వచ్చింది. ఇన్నేళ్లుగా ఇది ఒక పేరాగా చెప్తున్నాను, ఆడించాలని తట్టనే లేదు.

22 మందిని తీసుకున్నాను. అమ్మేవాళ్లు 11 మంది, వాళ్ల చీటీల్లో 30, 35, 40 అలా 80 దాకా ఖర్చు. అంతకంటే తక్కువకి అమ్మకూడదు. కొనేవాళ్లు 11 మందికి 80 నుంచి 30 దాకా గరిష్ఠ ధర. ఎవరి చీటీ వాళ్లకే తెలుసు. మిగతావాళ్లు బోర్డు మీద ధరలు రాయాలి. లెక్క ప్రకారం 55 దగ్గర తెగాలి. మొదటి రౌండ్‌లో 42కి ఒకటి, 70కి ఒకటి పోయాయి. ఒకటే గోల, పక్క క్లాసు సార్ వచ్చి తలుపు వేసి వెళ్లారు. మూడో రౌండ్‌కి అన్నీ 53కీ 57కీ మధ్యలో పడ్డాయి. నాకు ఒళ్లు జలదరించింది, నిజంగా. తొమ్మిదేళ్లు గీసిన గీత మొదటిసారి కళ్లతో చూశాను.

ఆ ఆటలో మన అబ్బాయి అమ్మేవాడు. చీటీలో 50. అందరూ అరుస్తుంటే వాడు ఒక్కడూ అరవలేదు. బోర్డు చూస్తూ నిలబడి, తొందరపడుతున్న అమ్మాయి దగ్గరికి వెళ్లి మెల్లగా 64కి అమ్మేశాడు. తరవాత అడిగితే, "ఆ అమ్మాయి గొంతు పెరుగుతోంది మేడమ్, కొనాలని ఆత్రంగా ఉంది" అన్నాడు. మాస్టారూ, మీ కిర్జ్‌నర్ ఇదే కదా?

గాజువాక గారూ, మీ మాట మనసులో పెట్టుకున్నాను. నేను ఏమీ అడగలేదు. వారం తరవాత వాడే స్టాఫ్ రూమ్ బయట నిలబడి, "అమ్మని అడిగాను, వస్తే రమ్మంది, ఎక్కువమంది వద్దంది" అన్నాడు. ఆరుగురం వెళ్లాం, ఐదింటికే. (ఐస్ గారూ, మీ కండిషన్ నెరవేర్చాం.)

ఆవిడ ఆ రోజు 2,600కి పాట పాడారు. కొన్ని వంజరాలు, మిగతావి కానాగడతలు. ఐస్ 60, ఆటోలో వాటా 120. పన్నెండున్నరకి గంప ఖాళీ అయ్యేసరికి 3,350 వచ్చింది. "ఏడొందల యాభై మిగిలింది" అన్నారావిడ. మా పిల్ల ఒకతి ఐస్, ఆటో తీసేసి 570 అంది. ఇంకొకడు తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఎనిమిది గంటలు పడ్డ కష్టానికి కూలి తీయాలి కదా అన్నాడు. అవకాశ వ్యయం గురించి నేను ఏమీ చెప్పకుండానే ఆటోస్టాండ్ దగ్గర నిలబడి పావుగంట కొట్టుకున్నారు. ఆవిడ నవ్వుతూ, "నేను ఇళ్లల్లో పనికెళ్తే ఎంతొస్తాదో అది తీసీండి" అన్నారు. సరిగ్గా అదే తీయాలి.

పదకొండింటికి కానాగడతల ధర తగ్గించేశారు, కొన్న ధర కంటే కిందికి. మా పిల్లలకి ప్రాణం ఒప్పలేదు. నష్టం కదా అమ్మా అన్నారు. ఆవిడ అన్న మాట అలాగే రాస్తున్నాను: "ఎండెక్కినాక సేపకి మనం ఎంతకి కొన్నామో తెల్దు కదమ్మా." మునిగిన వ్యయం, అంటే ఇప్పటికే పెట్టేసి తిరిగిరాని ఖర్చు, దాని మీద నేను రెండు క్లాసులు చెప్తాను ఏటా.

వచ్చేస్తుంటే ఆవిడ నన్ను పక్కకి పిలిచారు. "ఈడికి మాత్రం ఈ కంపు అంటనీకండమ్మా, ఉజ్జోగం వచ్చీలాగ సూడండి" అన్నారు. నాకు మా నాన్న గల్లాపెట్టె గుర్తొచ్చింది. ఏం చెప్పాలో తెలియక చూస్తానమ్మా అన్నాను. ఎంట్రప్రెన్యూర్‌షిప్ టీచర్‌ని నేను.

అంతా బాగుందని అనుకోకండి. డైలీ ఫైనాన్స్ లెక్క చేయించిన రోజు క్లాసు నిశ్శబ్దమైపోయింది, ఒకమ్మాయి మధ్యలో లేచి బయటికి వెళ్లింది. నేను అక్కడితో ఆపేయాల్సింది, ఆపలేదు. తరవాత వెళ్లి మాట్లాడాను. టాపర్లలో సగం మంది నా మీద గుర్రుగా ఉన్నారు. "బజ్జీలు, చేపలు ప్రొఫైల్‌లో ఎలా పెట్టుకోవాలి మేడమ్" అని అడుగుతున్నారు. వాళ్ల బాధ కూడా తప్పు కాదు, రేపు ఇంటర్వ్యూలో అడిగేవాడు యాప్ గురించే అడుగుతాడు. లాండ్రీ యాప్ టీము యాప్ మానేసి హాస్టల్ వెనక ఇస్త్రీ బండి ఆయనతో మాట్లాడుకుని బట్టలు చేరవేసే పని పెట్టుకుంది. పది రోజుల్లో 410 రూపాయలు మిగిలాయి, ఒక షర్టు పోయింది. దాని విలువ 900.

పిచ్ డే రద్దు కాలేదు. అట్ట చెక్కు కూడా ఉంది. చివరికి ఒప్పించగలిగింది ఇంతే: ప్లాను చదవడం కాదు, పది రోజులు నిజంగా కొని అమ్మిన లెక్క చూపించాలి, నష్టం వచ్చినా మార్కులుంటాయి. 14 టీముల్లో ఐదు ముందుకొచ్చాయి. మిగతా తొమ్మిదీ ప్లాన్ల దగ్గరే ఉన్నాయి. ఏప్రిల్ 15 అంచనాల కవర్లు మాత్రం 58 వచ్చాయి. అంటించి బీరువాలో పెట్టాను.

మాస్టారూ, రింగుల ఆట శుక్రవారం పెడుతున్నాను. కర్ర దొరికింది, రింగులే దొరకట్లేదు. టేపు చుట్టల అట్టలు వేసి చూశాం, ఎగిరి పోతున్నాయి.


మద్దిలపాలెం_మాస్టారు

64కి అమ్మాడా! చీటీలో 50 పెట్టుకుని! అమ్మా, ఆ కుర్రాడికి నా తరఫున ఒక కాఫీ ఇప్పించు.

రింగులకి పూర్ణా మార్కెట్‌లో చూడు, దొరక్కపోతే లావుపాటి తాడు ముక్కలు గుండ్రంగా కట్టు. బరువు ఉండాలి.


హార్బర్_ఐస్

తాడు నా దగ్గర బోలెడు ఉంది మేడమ్, బోటు తాడు. ఇరవై రింగులు చుట్టించి గురువారం సాయంత్రానికి కాలేజీ గేటు దగ్గర ఇప్పిస్తాను. డబ్బులొద్దు. పిచ్ డేకి ముఖ్య అతిథిగా మాత్రం నన్ను పిలవకండి, ఇంట్లో శాలువాలు పెట్టడానికి చోటు లేదు.